నాయనమ్మ ట్రంకుపెట్టెలో 23 పాత చీరలు, బొంత కుట్టబోతే సూదులు విరుగుతున్నాయి

మల్లెపందిరి
నాయనమ్మ పోయి ఏడాది దాటింది. సంవత్సరీకం అయ్యాక మొన్న ఊళ్ళో ఆవిడ ట్రంకుపెట్టె తెరిచాం. 23 చీరలు, తాతయ్యవి నాలుగు పంచెలు, రెండు పాత దుప్పట్లు ఉన్నాయి. చీరల్లో కొన్ని మంగళగిరివి, రెండు వెంకటగిరివి, ఒక గద్వాల, రెండు పట్టువి, మిగతావన్నీ మామూలు నూలు చీరలు. "నీకు నచ్చినవి తీసుకో, మిగిలినవి స్టీలు సామాన్లవాడికి వేసేద్దాం" అన్నారు మేనత్తలు. నాకు మనసొప్పలేదు. అన్నీ మూటగట్టుకుని హైదరాబాద్ తెచ్చేశాను.

బొంత కుట్టాలని ఉంది. చిన్నప్పుడు సెలవులకి వెళితే నాయనమ్మ కుట్టిన బొంత మీదే పడుకునేవాళ్ళం. అమ్మ వాడిన నల్ల మిషన్ నా దగ్గరే ఉంది. నిన్న చీరలు ఎనిమిది పొరలుగా పరిచి కుట్టబోతే అరగంటలో మూడు సూదులు విరిగాయి. కుట్టినంత మేర కూడా పై పొర ముందుకు జరిగిపోయి, అవతలి చివర బెత్తెడు గుడ్డ ముడతలు పడింది. ఎక్కడ తప్పు చేస్తున్నాను? అసలు ఏ చీర దేనికి పనికొస్తుందో ఎలా తెలుస్తుంది?

గుండీలడబ్బా
ముందు ఒక మాట. స్టీలు సామాన్లవాడికి మాత్రం వేయకండి. ఇల్లు మారేటప్పుడు మా అమ్మ నూలు చీరలు 14 ఇచ్చి ఒక మూత గిన్నె తీసుకున్నాను. ఇప్పుడు మా అమ్మాయికి ఏడో నెల. పొత్తిళ్ళకి మెత్తటి పాత గుడ్డ కావాలంటే ఇంట్లో ఒక్కటీ లేదు. ఆ గిన్నె చూసినప్పుడల్లా కడుపు తరుక్కుపోతుంది.

కత్తెర మేస్త్రి
31 ఏళ్ళుగా మిషన్ మీద ఉన్నాను. అమ్మా, మీ మిషన్ తప్పేం లేదు. అందులో 11 నంబరు సూదో 14 నంబరు సూదో ఉండి ఉంటుంది. జాకెట్లకి అది చాలు, ఎనిమిది పొరలకి చాలదు. 18 నంబరు సూది వేయండి. కుట్టు పొడవు మీ మిషన్‌లో ఎంత పెద్దది వస్తే అంతకి పెట్టండి. గుడ్డని అదిమిపెట్టే మిషన్ పాదం మీద ఒత్తిడి స్క్రూ కొంచెం వదులు చేయండి. ఇంకొకటి, గుడ్డ కదలడం లేదని వెనక నుంచి చేత్తో లాగి ఉంటారు. లాగితే సూది వంగి కింద ప్లేటుకి తగులుతుంది, అక్కడే విరుగుతుంది.

పై పొర జరగడానికి కారణం వేరే. కింద పళ్ళు కింది గుడ్డని లాక్కెళతాయి, పైనున్న పాదం పై గుడ్డని ఆపుతుంది. పొరలు పెరిగేకొద్దీ ఆ తేడా పెరుగుతుంది. అందుకే ముందు అన్ని పొరలూ కలిపి జానెడుకి ఒకటి చొప్పున చేత్తో కచ్చా కుట్టు, అంటే తర్వాత విప్పేసే పొడుగు కుట్టు, వేసుకోవాలి. మిషన్ కుట్టు మధ్యలో మొదలుపెట్టి అంచులకి రావాలి. మిగులు గుడ్డ బయటికి పోతుంది, అది కత్తిరించుకోవచ్చు.

పాలమూరు పిల్ల
మేస్త్రి గారూ, మా ఊళ్ళో సరిగ్గా దీనికి ఉల్టా చేస్తారు. అంచు నుంచి మొదలుపెట్టి లోపలికి వస్తారు. మా అమ్మమ్మ వేసవిలో పనుల్లేని మధ్యాహ్నాలు కూర్చునేది. వసారాలో నేల తుడిచి, చీరలు పరిచి, నాలుగు మూలలా నాలుగు రాళ్ళు పెట్టేది. తను గుడ్డ మీదే కూర్చునేది, కాబట్టి పొరలు జరిగే సమస్యే లేదు. దారానికి మైనం రాసి, అంచు వెంబడి చుట్టూ ఒక వరుస, దానికి రెండు వేళ్ళ దూరంలో ఇంకో వరుస. అలా చుట్టూ తిరుగుతూ తిరుగుతూ నడిమధ్యకి వచ్చేసరికి బొంత పూర్తి. పది రోజులు పట్టేది.

కత్తెర మేస్త్రి
చేతి కుట్టుకి మీ అమ్మమ్మగారిదే సరైన పద్ధతి అమ్మా. చేతి సూది గుడ్డని నెట్టదు, రాళ్ళు పెట్టి పరిచింది పరిచినట్టే ఉంటుంది. మిషన్ నెడుతుంది. అందుకే మిషన్‌కి మధ్య నుంచి అంటున్నాను.

బాబిన్‌దారం
అయితే ఎనిమిది పొరలు మిషన్‌తో ఎందుకు కుట్టడం? రోజూ వేసుకుని ఉతుక్కునే బొంతకి నాలుగైదు పొరలు చాలు. పడుకోవడానికి కిందకైతే ఆరు.

చీర లెక్క సులువు. జాకెట్టు ముక్క పోగా చీర అయిదున్నర మీటర్లు, వెడల్పు 45 అంగుళాలు. అడ్డంగా సగానికి కోస్తే రెండు ముక్కలు వస్తాయి. ఆ రెంటినీ అంచు పక్కన అంచు పెట్టి కలిపితే డబుల్ మంచానికి ఒక పొర. కోయకుండా సగానికి మడిస్తే సింగిల్ బొంతకి రెండు పొరలు. అంటే సింగిల్ బొంతకి మూడు చీరలు, డబుల్‌కి అయిదారు. పొడవు తొమ్మిది అడుగులు వస్తుంది, తలవైపు రెండడుగులు కోసేస్తే దిండు గలీబులకి పనికొస్తుంది.

మల్లెపందిరి
మేస్త్రి గారూ, చేత్తో లాగిన మాట నిజమే! మీరు పక్కన నిలబడి చూసినట్టే చెప్పారు. 18 నంబరు సూదులు ఇవాళే తెచ్చుకుంటాను. బాబిన్‌దారం గారి లెక్క చూశాక ఎనిమిది పొరల ఆలోచన మానేశాను. మరి ఏ చీర పైకి, ఏది లోపలికి?

పాలమూరు పిల్ల
చిరిగినవన్నీ లోపలికి. పైన ఒకటి, కింద ఒకటి గట్టివి. లోపల ఎంత చిరిగినా ఫర్వాలేదు, పోయిన చోట ఇంకో ముక్క పరిచేయడమే. మా అమ్మమ్మ పాత లుంగీలు, జాకెట్ల వెనక ముక్కలు కూడా లోపల వేసేది.

కత్తెర మేస్త్రి
ఒక్కో చీరా కిటికీకి అడ్డంగా పట్టుకుని వెలుతురులో చూడండి. నేత పలచబడిన చోటు జల్లెడలా కనిపిస్తుంది. చీర అంతా ఒకేలా చిక్కదు, అంటే పలచబడదు. కూర్చునే చోటు, మడమ తగిలే కింది అంచు ముందు పోతాయి. కుచ్చిళ్ళ దగ్గర గుడ్డ చాలా కాలం గట్టిగా ఉంటుంది. తర్వాత రెండు బొటనవేళ్ళు దగ్గర పెట్టి గుడ్డని అడ్డంగా లాగండి. చప్పుడు లేకుండా ఆగితే గలీబులు, సంచులు, పిల్లల గౌన్లు, ఏవైనా కుట్టుకోవచ్చు. కొంచెం సాగినట్టయితే బొంత లోపలికి. పిట్‌మని విడిపోతే ఇల్లు తుడిచే గుడ్డకి పెట్టుకోండి. గుడ్డ ఎంత చిక్కిందో చూసి దానికి పని చెప్పాలి. చాలామంది రంగు చూసి చెబుతారు, తర్వాత రెండు ఉతుకులకే కుట్టు పక్కన చిరిగిందని మా మీద పడతారు.

విశాఖ వదిన
గలీబులు అన్నారు కాబట్టి నేను చేసే పద్ధతి చెబుతాను. చీర పొడవులో గజం ముక్క కోయండి. 17 అంగుళాల దిండు చుట్టూ ఆ గజం సరిగ్గా సరిపోతుంది. చీర వెడల్పు దిండు పొడవుకి వస్తుంది. అంచు ఉన్న వైపు గలీబు నోటికి ఉంచుకుంటే మడిచి కుట్టే పనే లేదు, అంచు దారం విడిపోదు. రెండో వైపు కొంత గుడ్డ మిగులుతుంది. అది కోసి, దిండు జారకుండా లోపలి మడతగా నోటి దగ్గర కుట్టేస్తాను. చిరుగులు లేని చీరలో ఆరు గలీబులు వస్తాయి. మంగళగిరి చీర అంచుతో గలీబు చూశారంటే కొన్నవి పక్కన పెట్టేస్తారు.

నిమ్మతొన
చిన్న సందేహం. పోయినవాళ్ళ బట్టలు ఇంట్లో ఉంచుకోకూడదని, దానం చేసేయాలని మా ఇంట్లో పెద్దవాళ్ళు అంటారు. మల్లెపందిరి గారిని నొప్పించాలని కాదు, మీ ఇళ్ళలో ఎలా ఉందో అడుగుతున్నాను.

గుండీలడబ్బా
మా వైపు, పోయేటప్పుడు ఒంటి మీద ఉన్నవి, మంచం మీదవి తీసేస్తారు. పెట్టెలో ఉతికి మడతపెట్టినవి కూతుళ్ళు, కోడళ్ళు పంచుకుంటారు. మా అమ్మ చీర కట్టుకుని మా చెల్లెలు తన గృహప్రవేశం చేసుకుంది.

పాలమూరు పిల్ల
మా దగ్గర పెద్ద వయసు వరకు బతికినవాళ్ళ చీర పుట్టిన బిడ్డకి పరిస్తే మంచిదంటారు. ఆయుష్షు వస్తుందని.

మల్లెపందిరి
నిమ్మతొన గారూ, నొచ్చుకోలేదు. అమ్మని అడిగాను. "ఆవిడ బతికుంటే ఆవిడే కుట్టి ఉండేది, నువ్వు కుట్టు" అంది. నాకు అది చాలు.

పట్టుకుచ్చు
పట్టుచీరల సంగతి ఎవరూ ఎత్తలేదు. మీకు ఆడపిల్ల ఉంటే పరికిణీ కుట్టించండి. నా పెళ్ళినాటి కంచిపట్టుతో మా పాపకి పరికిణీ, జాకెట్టు కుట్టించాను. పెద్ద అంచు కిందకి, చిన్న అంచు నడుం దగ్గర. ఒంటి పొడవుకి మించిన గుడ్డని లోపల రెండు మడతలు వేయించాను. ఏటా ఒక మడత విప్పుతున్నాం, మూడో సంక్రాంతి నడుస్తోంది.

బీరువాతాళం
నేను ఒప్పుకోను. నూలు చీరలు కోయండి, ఏమైనా చేయండి. పాత పట్టు మాత్రం కత్తెర తగలనివ్వకండి. ఆ అద్దకం రంగులు, ఆ నేత ఇప్పుడు దొరకవు. మడతలు మార్చుకుంటూ, తెల్లటి నూలు గుడ్డలో చుట్టి ఉంచండి. ఒకసారి కోశాక అది చీర కాదు.

పట్టుకుచ్చు
బీరువాలో ఉంటే మాత్రం ఏం లాభం అక్కా? మా అత్తగారు అలాగే 40 ఏళ్ళు దాచారు. తీసి చూస్తే మడతల దగ్గర నిలువునా చీలిపోయింది. ఎవరూ కట్టలేదు, ఎవరికీ కుట్టలేదు.

బీరువాతాళం
అది మడతలు మార్చకపోవడం వల్ల. ఆరు నెలలకోసారి మడత మార్చి నీడలో ఆరేయాలి. మా దగ్గర మా జేజమ్మ చీర ఉంది, ఇప్పటికీ కడుతున్నాను.

కత్తెర మేస్త్రి
ఇద్దరూ చెప్పింది నిజమే, కాని తేల్చాల్సింది చీరే. కట్టుకోగలిగేంత గట్టిగా ఉంటే కోయొద్దు. అక్కడక్కడ చీలి ఉంటే కట్టుకోవడం ఎలాగూ కుదరదు, కాబట్టి బాగున్న మేర పరికిణీకి తీసుకోండి. తప్పకుండా మెత్తటి నూలు అస్తరు వేయించండి, బరువంతా అస్తరు మోయాలి. పట్టుకి 11 నంబరు సూది, కొత్తది. మొద్దు సూది పోగు లాగేస్తుంది.

జరీ కొనేవాళ్ళు వీధిలోకి వస్తే తొందరపడకండి. పాత మంచి జరీ అంటే పట్టుదారం మీద వెండి తీగ చుట్టి, బంగారు పూత పూసింది. వాళ్ళు చీరని కాల్చి వెండి తీసుకుంటారు. మీ చేతికిచ్చేది వాళ్ళ నోటికొచ్చిన ధర. అంచు చివర ఒక పోగు గోటితో గీకి చూడండి. మంచి జరీ అయితే సాధారణంగా లోపల ఎర్రటి పట్టుదారం కనిపిస్తుంది. ఇవ్వాలనుకుంటే నాలుగు చోట్ల అడిగి, తూకం కళ్ళారా చూసి ఇవ్వండి.

డల్లాస్ డాబా
ఇక్కడ క్విల్టు కుట్టేవాళ్ళు మధ్యలో దూదిపొర లాంటి బ్యాటింగ్ కొని వేస్తారు. మన బొంతలో పాత చీరలే ఆ పని చేస్తాయని చెప్పి, అమ్మ పంపిన బొంత చూపించాను. మా పక్కింటావిడ దాన్ని చెంపకి ఆనించుకుని చాలాసేపు వదల్లేదు. కొత్త గుడ్డకి ఆ మెత్తదనం రాదు. 30 ఏళ్ళు ఉతికితే వచ్చేది అది.

పుణె పిన్ని
ఇక్కడ దీన్ని గోధడి అంటారు. బెంగాల్లో కాంథా, బీహార్లో సుజని. కర్ణాటకలో ఉత్తర కన్నడ జిల్లాలో సిద్దీలు కుట్టేవి నేను దగ్గరగా చూశాను. ఆఫ్రికా నుంచి శతాబ్దాల క్రితం వచ్చినవాళ్ళ సంతతి వాళ్ళు. వాళ్ళ బొంతని కవంది అంటారు. పాలమూరు పిల్ల చెప్పినట్టే అంచు నుంచి మొదలై చుట్టూ తిరిగి మధ్యలో కలుస్తుంది. చివర నాలుగు మూలలా చిన్న చిన్న గుడ్డముక్కలు మడిచి త్రికోణాల్లా కుడతారు, వాటిని ఫూల అంటారు. అవి లేకపోతే బొంత బోసిగా ఉన్నట్టే లెక్క వాళ్ళకి.

పాలమూరు పిల్ల
పిన్నీ, ఒళ్ళు జలదరించింది. మా అమ్మమ్మ కూడా మూలల్లో ఎర్ర గుడ్డ ముక్క వేసేది! ఎందుకని ఎప్పుడూ అడగలేదు. ఇప్పుడు అడగడానికి ఆవిడ లేదు.

నిమ్మతొన
అందరూ నూలు నూలు అంటున్నారు. పాత చీరల్లో ఏది నూలు, ఏది పాలిస్టర్ కలిసింది, ఎలా తెలుస్తుంది? మెత్తగా ఉందని పొయ్యి దగ్గర గిన్నెలు దించుకోవడానికి మసిగుడ్డ కుట్టాను. వేడి మూకుడు పట్టుకుంటే గుడ్డ కరిగి మూకుడుకి అంటుకుంది. వేలు కూడా చురుక్కుమంది.

విశాఖ వదిన
అయ్యో, వేలికి వెంటనే చన్నీళ్ళు పోశారా? ఇలా చూసుకోండి. అంచు నుంచి రెండు పోగులు లాగి, సింకు మీద పట్టకారుతో పట్టుకుని అంటించండి. నూలు అయితే కాగితం కాలిన వాసన, మెత్తటి బూడిద. పట్టు అయితే వెంట్రుక కాలిన వాసన, బూడిద వేళ్ళతో నలిపితే పొడి అవుతుంది. పాలిస్టర్ అయితే కరిగి గట్టి పూసలా ముద్ద కడుతుంది. నిలువు పోగు, అడ్డపోగు రెండూ వేరువేరుగా చూడాలి, ఒకటి నూలు, ఒకటి పాలిస్టర్ ఉన్న చీరలు చాలా ఉన్నాయి. పాలిస్టర్‌ని బొంతలో వేస్తే చెమట పీల్చదు. కూరల సంచులకి పెట్టుకోండి, తడిసినా త్వరగా ఆరుతుంది.

సంతసంచి
సంచుల మాట వచ్చింది కాబట్టి నేనూ. 2022లో ప్లాస్టిక్ కవర్ల మీద నిబంధనలు గట్టిపడ్డాక మా అపార్ట్‌మెంట్లో పాత దుప్పట్లు పోగేసి సంచులు కుట్టడం మొదలుపెట్టాను. చీర కంటే దుప్పటి మేలు, నేత మందం. దుప్పటి మధ్యభాగం చిక్కిపోయి ఉంటుంది, పక్కలు కొత్తవాటిలాగే ఉంటాయి. అందుకని పక్కల నుంచే కోయండి. అసలు కిటుకు పిడుల దగ్గర ఉంది. పిడి చివర రెండంగుళాలు సంచి లోపలికి దించి, చతురస్రం కుట్టి, దాని మధ్యలో అడ్డంగా ఇంటూ గుర్తు కుట్టాలి. నేను కుట్టిన మొదటి సంచి పిడి అయిదు కిలోల ఉల్లిపాయలతో రైతుబజార్ మెట్ల మీద తెగింది. ఆ తర్వాత అన్నింటికీ ఇంటూ కుట్టే.

మల్లెపందిరి
ఇంకో ఇబ్బంది. మెరూన్ రంగు నూలు చీర తడిపితే నీళ్ళు ఎర్రగా అవుతున్నాయి. ఉప్పు నీళ్ళలో రాత్రంతా నానబెడితే రంగు ఆగుతుందని అమ్మ అంటోంది.

బాబిన్‌దారం
ఆగుతుంది, మా ఇంట్లో కొత్త చీరలన్నీ అలాగే నానబెడతాం.

కత్తెర మేస్త్రి
ఆగదు అమ్మా. ఉప్పు అద్దేటప్పుడు రంగుని నూలుకి పట్టించడానికి పనికొస్తుంది. అద్దకం అయిపోయాక వదులుగా ఉన్న రంగుని పట్టి ఉంచలేదు. నీళ్ళు తెల్లగా వచ్చేదాకా విడిగా ఉతకడమే దారి. నాలుగైదు ఉతుకులైనా పోతూనే ఉంటే ఆ చీరని తెల్ల పంచెల పక్కన వేయకండి. ముదురు రంగులన్నీ కలిపి వేరే బొంత కుట్టుకోండి. గద్వాలని కూడా పక్కన పెట్టండి. దాని ఒళ్ళు నూలు, అంచు పట్టు, కుప్పడం నేతలో రెంటినీ కలుపుతారు. వేడినీళ్ళలో వేస్తే నూలు ఒకలా, పట్టు ఒకలా ముడుచుకుని కలిపిన చోట లాగేస్తుంది. దాన్ని చన్నీళ్ళలోనే ఉతకండి. బొంతలో వేయొద్దు.

బాబిన్‌దారం
సరే, ఇన్నాళ్ళూ ఉప్పు దండగ చేశానన్నమాట. ఈసారి సగం చీర ఉప్పులో, సగం మామూలు నీళ్ళలో పెట్టి చూస్తాను.

మల్లెపందిరి
మూడు వారాల తర్వాత వస్తున్నాను. బొంత అయింది.

డబుల్ సైజు, అయిదు పొరలు. కిటికీ దగ్గర నిలబడి 23 చీరలూ చూశాను. ఆరు మాత్రమే ఎక్కడా చిక్కకుండా ఉన్నాయి. మంగళగిరి చీరల్లో ఒకటి గలీబులైంది, విశాఖ వదిన గారి లెక్క ప్రకారం సరిగ్గా ఆరు. పట్టుచీరల్లో ఒకటి కట్టుకునేలా ఉంది, అది కోయలేదు. రెండోది మడతల దగ్గర చీలింది, మా అన్నయ్య కూతురికి పరికిణీ కోసం దాచాను. బీరువాతాళం గారూ, పట్టుకుచ్చు గారూ, మీ ఇద్దరి మాటా విన్నాను.

కచ్చా కుట్టు వేసి, 18 నంబరు సూదితో మధ్య నుంచి మొదలుపెట్టాను. ఒక్క సూదీ విరగలేదు. కాని నాలుగు వరుసలయ్యాక మిషన్ ఆపేశాను. కుట్టు గట్టిగా బిగుసుకుని బొంత అట్టలా ఉంది. విప్పేసి, నేల మీద పరిచి, నాలుగు మూలలా రాళ్ళు లేక రెండు కుక్కర్లు, ఇస్త్రీపెట్టె, సన్నికల్లు పెట్టి, పాలమూరు పిల్ల చెప్పినట్టు అంచు నుంచి చేత్తో కుట్టాను. రోజుకి రెండు గంటలు. మొదటి వారం వేళ్ళు వాచాయి.

పై పొరకి ముదురాకుపచ్చ చీర పెట్టాను. దాని కింది అంచులో మడమ తగిలే చోట చిన్న రఫ్ఫు, అంటే చిరుగు పూడుస్తూ వేసిన కుట్టు, ఉంది. ఆకుపచ్చ దారం దొరకలేదేమో, తెల్లదారంతో, బియ్యపు గింజ కంటే చిన్న కుట్లు, వరుసకి పదకొండు. లెక్కపెట్టాను. నాయనమ్మకి చత్వారం రాకముందు వేసినవి అయి ఉంటాయి. నా కుట్లు వాటి పక్కన పెసరగింజల్లా ఉన్నాయి. ఆ రఫ్ఫు తలవైపు వచ్చేలా పరిచాను.

అమ్మ వచ్చి చూసి, బొంత మీద చెయ్యి వేసి, ఒక్కో గుడ్డా గుర్తుపట్టింది. "ఇది కోటప్పకొండ తిరునాళ్ళలో కొన్నది. ఇది నువ్వు పుట్టినప్పుడు పురిట్లో కట్టుకుంది." నాకు ఇవేవీ తెలియవు. కాగితం తెచ్చుకుని రాసుకున్నాను.

పాలమూరు పిల్ల
మూలల్లో ముక్కలు వేశావా అక్కా?

మల్లెపందిరి
వేశాను. తాతయ్య కండువా ఎర్ర అంచు నాలుగు ముక్కలు.

కత్తెర మేస్త్రి
మిషన్ కుట్టు గట్టిగా వచ్చిందంటే పై దారం బిగువు ఎక్కువైంది, తర్వాతిసారి వదులు చేయండి. కాని చేత్తో కుట్టడమే మంచి పని చేశారు. ఉతికేటప్పుడు ఒక్కరే ఎత్తకండి, తడిసిన బొంత చాలా బరువు ఉంటుంది, ఆ బరువుకే కుట్లు తెగుతాయి. ఇద్దరు పట్టుకుని పిట్టగోడ మీద పరవండి, దండెం మీద వేలాడదీయకండి.

మల్లెపందిరి
అలాగేనండి.
గుండీలడబ్బా గారూ, మీ అమ్మాయికి నెలలు నిండుతున్నట్టున్నాయి. తాతయ్య పంచెలు రెండు, బాగా మెత్తబడ్డ వెంకటగిరి చీర ఒకటి మిగిలాయి. ఉతికి, ఎండలో ఆరబెట్టి, గజం ముక్కలుగా కోసి పెట్టాను. అంచులు మడిచి కుట్టలేదు, కుట్టు బిడ్డ ఒంటికి ఒరుసుకుంటుంది కదా. అడ్రసు విడిగా పంపండి, సోమవారం కొరియర్ చేస్తాను.

గుండీలడబ్బా
పంపాను. మా అమ్మాయికి చదివి వినిపించాను, ఏడ్చేసింది. మూత గిన్నెలో సున్నుండలు పెట్టి తిరుగు కొరియర్లో పంపిస్తున్నాను, గిన్నె కూడా మీరే ఉంచుకోండి.